చొక్కా జేబులో కాగితం

(ఆకాశవాణి మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈ వారం ఓట్ల లెక్కింపు గురించి మాట్లాడబోతున్నానని చెబితే మావారు పేపరు దించి నావైపు చూశారు. "ఆడవాళ్ళ కార్యక్రమంలో అదేమిటి? ఆవకాయ గురించో, అల్లికల గురించో చెప్పరాదూ?" అన్నారు. ఆవకాయ గురించి చెప్పడానికి నాకంటే చేయి తిరిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. పైగా 2023లో తెలంగాణ శాసనసభకు ఎన్నికలు జరిగేనాటికి ఓటర్ల జాబితాలో మగవాళ్ళకంటే మనమే కొద్దిమంది ఎక్కువ. వేలికి సిరా పూయించుకుని వచ్చాక మన ఓటు ఏమవుతుందో మనం కాకపోతే ఎవరు తెలుసుకుంటారు చెప్పండి?

హైదరాబాదులో ఉండేవాళ్ళకు ఇంకో దెప్పు కూడా ఉంది. ఆ ఎన్నికల్లో రాష్ట్రం మొత్తంమీద నూటికి 71 మంది ఓటు వేస్తే, హైదరాబాదు జిల్లాలో సగంమంది కూడా వేయలేదు. "వేస్తే మాత్రం, లోపల ఏం జరుగుతుందో ఎవరు చూడొచ్చారు?" అంటుంది మా పక్కింటావిడ. ఆ మాట తీసిపారేయవలసింది కాదు. కనబడనిదాన్ని నమ్మమంటే ఎవరికైనా కష్టమే.

నేనేమీ పుస్తకాలు చదివి ఈ సంగతులు తెలుసుకోలేదు. నా చదువు పదో తరగతితో ఆగింది. మా ఇంట్లో ఒక కాగితం పోయింది. దాని మూలంగా తెలిసింది.

మా అత్తవారిది మోమిన్‌పేట. వికారాబాదు నుంచి సదాశివపేట పోయే దారిలో ఉంటుంది. మా ఆడబిడ్డను కూడా ఆ ఊళ్ళోనే ఇచ్చారు. నాకంటే పెద్దది, వదినా అని పిలుస్తాను. ఆమె భర్త ఒక పార్టీ, ఆయన తమ్ముడు ఇంకో పార్టీ. ఏ పార్టీలో అడక్కండి, రేడియోలో చెప్పకూడదు. 2018 డిసెంబరు 7న పోలింగు జరిగినప్పుడు మా వదిన కొడుకు, వాళ్ళ నాన్న పార్టీ తరఫున ఊళ్ళో ఒక బూత్‌లో ఏజంటుగా కూర్చున్నాడు. కుర్రవాడికి అదే మొదలు. పొద్దుటినుంచి కూర్చుని, చీకటిపడ్డాక ఇంటికొచ్చి, అన్నం తిని పడుకున్నాడు. మర్నాడు వదిన అతని చొక్కా ఉతికింది. జేబులోంచి తెల్లటి ముద్ద ఒకటి వచ్చింది. ఏ చిల్లర కాగితమోనని అవతల పారేసింది.

11వ తేదీన లెక్కింపయింది. తర్వాత ఆ బూత్‌లో తమకు వచ్చిన ఓట్లు చూసుకుంటే అన్నగారు వేసుకున్న లెక్కకు చాలా తక్కువగా ఉన్నాయి. "మిషిన్లు మార్చిన్రు" అన్నాడాయన. తమ్ముడు నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది. మాటా మాటా పెరిగింది. ఆ ఏడు తమ్ముడి కూతురి పెళ్ళికి అన్న వెళ్ళలేదు. వదిన ఒక్కతే వెళ్ళి, ఒడిబియ్యం పోసి, భోజనం చేయకుండా వచ్చేసింది. నాతో చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

మాకు తెలిసిన పంతులుగారొకాయన ఎన్ని ఎన్నికల డ్యూటీలు చేశారో. ఆయనతో ఈ గొడవ చెబితే, "మిషను మారిందో లేదో తేల్చడానికి 17సి ఫారం ఉంటుందమ్మా. మీ అబ్బాయికి ఇచ్చి ఉంటారే, ఏదీ?" అన్నారు.

ఏదేమిటి, వదిన ఉతికేసింది కదా!

ఆ కాగితం సంగతి వినండి. పోలింగు మొదలుకాక ముందే ఏజంట్ల ఎదుట మిషను మీద కనీసం 50 ఓట్లు ఉత్తుత్తిగా వేసి, లెక్క సరిచూసి, వాటిని చెరిపేస్తారు. అసలు పోలింగు అయిపోగానే 'క్లోజ్' అనే మీట నొక్కుతారు. ఇక ఆ మిషను ఒక్క ఓటు కూడా తీసుకోదు. మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో చూపిస్తుంది, ఎవరికెన్నో చూపించదు. ఆ మొత్తాన్ని, మిషను నంబరును, సీళ్ళ నంబర్లను ప్రిసైడింగ్ అధికారి 17సి ఫారంలో రాసి, సంతకం చేసి, అక్కడున్న ప్రతి ఏజంటుకూ ఒక నకలు ఇవ్వాలి. సీళ్ళమీద కావాలంటే ఏజంట్లు కూడా సంతకాలు చేయవచ్చు. అసలు ఫారం మిషనుతో పాటు వెళుతుంది. అంటే మన దగ్గరి కాగితం పాలవాడి చీటీ లాంటిది. వాడి పుస్తకంలో వాడు రాసుకుంటాడు, మన గోడమీద మనం గీత గీసుకుంటాం. నెలాఖరున రెండూ కలిశాయా, పేచీ లేదు. మనం గీత గీయకపోతే వాడు చెప్పిందే లెక్క, లేకపోతే వాడిమీద అనుమానం. రెండూ మంచివి కావు.

అయిదేళ్ళు గడిచాయి. 2023 నవంబరు 30న మళ్ళీ పోలింగు. ఈసారి వదిన కొడుకు గడప తొక్కకముందే చేయి చాపింది. "కాగితం ఇయ్యి ముందుగాల, బువ్వ తర్వాత." తీసుకుని మహిళా సంఘం పుస్తకాలుండే ట్రంకుపెట్టెలో పెట్టింది. అక్కడితో ఊరుకోలేదు. ఆమె సంఘం లీడరు, నెల నెలా అందరి పాసుపుస్తకాలు పోగుచేసే అలవాటుంది. చుట్టుపక్కల బూత్‌లలో కూర్చున్న తమ పార్టీ కుర్రాళ్ళందరి దగ్గరా 17సి నకళ్ళు అడిగి పోగుచేసింది. ఇద్దరు మరిచిపోయి వచ్చారట, వాళ్ళకు అక్షింతలు పడ్డాయి. ఈ కట్ట చూసిన పార్టీవాళ్ళు, "అక్కా, నువ్వే కౌంటింగు ఏజంటుగా రా" అన్నారు.

అభ్యర్థి 18వ నంబరు ఫారంలో పేరు రాసిచ్చి ఎవరినైనా కౌంటింగు ఏజంటుగా పెట్టుకోవచ్చు. సర్కారు ఉద్యోగుల్లాంటి కొందరు మాత్రం కూర్చోకూడదు. చదువు ఇంత ఉండాలని ఎక్కడా లేదు. అంకెలు చదవడం, రాసుకోవడం వస్తే చాలు. అంతకంటే ఎక్కువ లెక్కలు మనం రోజూ చేస్తూనే ఉన్నాం.

డిసెంబరు 3న తెల్లవారుజామున వదిన బయలుదేరింది. గేటు దగ్గరే సెల్‌ఫోను పెట్టేయాలన్నారు. మిషన్లు దాచిన స్ట్రాంగ్ రూము తలుపును అభ్యర్థుల, ఏజంట్ల ఎదుటే, వీడియో తీస్తూ తెరిచారు. లెక్కించే ఉద్యోగులకు ఎవరిది ఏ టేబులో ఆ పొద్దున్నదాకా తెలియదట. ముందుగానే తెలిస్తే మాట్లాడుకునేందుకు వీలుంటుందని.

ఎనిమిది గంటలకు పోస్టు ఓట్లతో మొదలుపెట్టారు. డ్యూటీలో ఉన్న ఉద్యోగులు, సైన్యంలో ఉన్నవారు, ఇంటిదగ్గరే ఓటేసిన ముసలివారు, వీళ్ళవన్నీ కాగితం ఓట్లే. కవరులో ఇంకో కవరు, దానితో పాటు సంతకంపెట్టిన డిక్లరేషను. ఆ డిక్లరేషను లేకపోయినా, సరిగా లేకపోయినా లోపలి కవరు విప్పకుండానే పక్కన పెట్టేస్తారు. చదువుకున్నవాళ్ళ ఓట్లే ఇక్కడ ఎక్కువగా పోతాయని పంతులుగారు నవ్వుతారు. అయితే గెలుపు తేడా కంటే చెల్లకుండా పోయిన పోస్టు ఓట్లు ఎక్కువగా ఉంటే, వాటన్నిటినీ మళ్ళీ పరిశీలించి తీరాలి. ఇదేదో పుస్తకాల్లో ఉండే నియమం కాదు. 2023లో మా పక్క నియోజకవర్గం చేవెళ్ళలో గెలిచినాయనకు, ఓడినాయనకు మధ్య తేడా 268 ఓట్లు! పాతకాలానికి పోతే 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానం 9 ఓట్లతో తేలింది. మన అపార్టుమెంటులో ఒక అంతస్తు ఆడవాళ్ళు పోలింగు రోజున టీవీ ముందు కూర్చున్నారనుకోండి, అంతే సంగతి. 2004లో కర్ణాటకలో సంతెమరహళ్ళిలో అయితే ఒక్కటంటే ఒక్క ఓటు. రెండువైపులా సమానంగా వస్తే ఏం చేస్తారని అడిగాను. చీటీ తీస్తారట, చీటీ ఎవరి పేరున వస్తే వారికి ఒక ఓటు కలిపినట్టు.

అరగంట తర్వాత మిషన్లు వచ్చాయి. హాల్లో మామూలుగా 14 టేబుళ్ళు వేస్తారు. ఒక్కొక్క టేబులు మీదికి ఒక్కొక్క బూత్ మిషను. 14 అయితే ఒక రౌండు. 280 బూత్‌లుంటే 20 రౌండ్లన్నమాట. టీవీలో "ఆరో రౌండు, ఏడో రౌండు" అని అరుస్తారే, అది ఇదే. ఏజంట్లు వలకట్టిన కంచె ఇవతల కూర్చుంటారు, మిషనును ముట్టుకోరు. సూపర్‌వైజరు మిషను నంబరు, సీళ్ళు చూపించి, మొత్తం ఓట్లు చూపించి, అవి 17సితో కలిశాకే 'రిజల్ట్' మీట నొక్కుతాడు. ఒక్కొక్క అభ్యర్థి నంబరు, ఆయనకు వచ్చిన ఓట్లు వరసగా కనబడతాయి. మిషనును ఎత్తి అందరికీ చూపించాలి. చూపు ఆనకపోతే మళ్ళీ నొక్కమనవచ్చు. వదిన రెండుసార్లు నొక్కించిందట. "అద్దాలు ఇంట్ల మరిచిపోయిన, మరేం జెయ్యాలె?" అంటుంది. ఆ అంకెలు 17సి రెండో భాగంలో రాసి, ఏజంట్లచేత సంతకాలు పెట్టించి, రిటర్నింగ్ అధికారి టేబులుకు పంపిస్తారు. రౌండుకు రెండు మిషన్లను పరిశీలకులు తమ ఇష్టం వచ్చినవి తీయించి మళ్ళీ సరిచూస్తారు.

వదిన కూర్చున్న టేబులుకు మా ఊరి బూత్ రాలేదు, అవతలి టేబులుకు పోయింది. లేచి తిరగనివ్వరు కదా. ఆమె పొద్దున్నే ఆ టేబులు కుర్రవాడి చేతిలో కాగితం పెట్టి ఉంచింది. మిషను నంబరు కలిసింది. మొత్తం ఓట్లు కలిశాయి. దూరంనుంచి అతను చేయి ఎత్తి చూపాడు.

మొత్తం కలవకపోతే? కలవని మిషన్లు అక్కడక్కడా వస్తాయి. ఎక్కువగా పొద్దుటి ఉత్తుత్తి ఓట్లు చెరపడం మరిచిపోవడం వల్ల. అలాంటి మిషనును పక్కన పెడతారు. చివరికి గెలుపు తేడా ఆ బూత్ ఓట్లకంటే ఎక్కువగా ఉంటే దానితో పని పడదు. తక్కువగా ఉంటే దాని కాగితం చీటీలు లెక్కపెడతారు.

ఆ చీటీల సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మీట నొక్కాక పక్కనున్న పెట్టె అద్దంలో ఏడు సెకన్లపాటు చిన్న చీటీ కనబడి లోపల పడుతుంది. మన గుర్తే వచ్చిందా అని చూసుకోవాలి. చాలామంది చూడకుండానే వచ్చేస్తాం. మిషన్లు లెక్కించాక నియోజకవర్గానికి అయిదు బూత్‌ల చీటీలు చేత్తో లెక్కపెడతారు. ఇదివరకు ఒక్క బూత్‌వే లెక్కపెట్టేవారు. చంద్రబాబునాయుడుగారూ ఇంకా పలు పార్టీల నాయకులూ సగం బూత్‌లవైనా లెక్కపెట్టాలని సుప్రీంకోర్టుకు వెళితే, 2019 ఏప్రిల్ 8న కోర్టు అయిదు చాలునంది. ఏ అయిదో ముందు ఎవరికీ తెలియదు. బూత్ నంబర్లు రాసిన చీటీలు డబ్బాలో వేసి, కలిపి, అందరి ఎదుటా తీస్తారు. అచ్చం మన చిట్టీల డ్రా! బ్యాంకు క్యాషియరు గదిలాంటి వలగదిలో కూర్చుని చీటీలను 25 చొప్పున కట్టలు కట్టి లెక్కిస్తారు. మిషను అంకెకూ చీటీల అంకెకూ తేడా వస్తే చీటీ మాటే చెల్లుతుంది. అన్ని చీటీలూ లెక్కపెట్టాలన్న వాదం ఆగలేదు. 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు దానికి ఒప్పుకోలేదు. కాకపోతే రెండో, మూడో స్థానంలో వచ్చినవారు ఫలితం వచ్చిన ఏడు రోజుల్లో అడిగితే, ఖర్చు కట్టించుకుని, నూటికి అయిదు మిషన్లను తయారుచేసిన కంపెనీ ఇంజనీర్లచేత పరీక్ష చేయిస్తారు. అందులో ఒక కంపెనీ మన హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. అని మీకు తెలిసే ఉంటుంది.

చివరి రౌండు అయ్యాక వెంటనే ఫలితం చెప్పేయరు. రిటర్నింగ్ అధికారి మొత్తాలు చదివి కాస్త ఆగాలి. తిరిగి లెక్కించమని ఎవరైనా కారణాలతో రాసిస్తే ఒప్పుకుంటారో లేదో నిర్ణయించాలి. బూత్‌ల వారీ లెక్కంతా ఉండే 20వ నంబరు ఫారంమీద సంతకం పడ్డాక ఇక తిరిగి లెక్కించమనడానికి లేదు. అంటే ఆ కొద్ది నిమిషాల్లో మీ ఏజంటు చేతిలో కాగితం ఉందా లేదా అన్నదే లెక్క! తర్వాత పరిశీలకుడి అనుమతితో ఫలితం ప్రకటించి, 22వ నంబరు ఫారంలో గెలిచినవారికి సర్టిఫికెట్ ఇస్తారు. మనం పేపర్లో చూసే ఫోటో అదే. దాన్ని అందుకున్నట్టు సంతకం పెట్టిస్తారు. ఆ రసీదు శాసనసభ కార్యదర్శికి పోతుంది. అటుపైన ఎన్నికల సంఘం గెలిచినవారందరి పేర్లూ గెజెట్‌లో ప్రకటిస్తే సభ ఏర్పడినట్టు.

అంతటితో అయిపోయిందా అంటే ఇంకా 45 రోజులుంది. ఆ లోపల ఓడిన అభ్యర్థి గాని, ఆ నియోజకవర్గపు ఓటరు గాని, అవునండీ, మీరూ నేనూ కూడా, హైకోర్టులో ఎన్నికల పిటిషను వేయవచ్చు. 2000 రూపాయల డిపాజిట్టు కట్టాలి. ఆరునెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. ఉన్నది చట్టంలోనే. 2018లో ధర్మపురిలో 441 ఓట్ల తేడాతో ఫలితం వస్తే ఓడినాయన హైకోర్టుకు వెళ్ళారు. లెక్కింపు కాగితాలు కావాలని కోర్టు అడిగితే, 2023 ఏప్రిల్‌లో స్ట్రాంగ్ రూము తెరవబోయేసరికి తాళంచెవులు లేవు! కోర్టు అనుమతితో తాళాలు పగలగొట్టవలసి వచ్చింది. అప్పటికి నాలుగేళ్ళు దాటింది, ఆ ఏడాది చివర మళ్ళీ ఎన్నికలే. ఇంటి బీరువా తాళంచెవి కనబడకపోతే మనల్ని ఎంతెంత మాటలంటారు!

లెక్కింపు హాల్లో నేను విన్నంతలో వంకపెట్టదగ్గ సంగతులు తక్కువ. కాని ఒకటి మాత్రం నాకు నచ్చలేదు. బ్యాలెట్ కాగితాల రోజుల్లో బూత్‌ల కాగితాలన్నీ కలిపేసి లెక్కపెట్టే పద్ధతి ఉండేది. ఏ ఊరు ఎవరికి వేసిందో తెలిసేది కాదు. 1994లో నేను బడిపిల్లను. మా నాన్న రాత్రంతా రేడియో పెట్టుకుని వినేవారు, లెక్కింపు తెల్లవార్లూ సాగుతూనే ఉండేది. ఇప్పుడు మధ్యాహ్నానికి తెలిసిపోతుంది, తెలియకూడనిది కూడా తెలుస్తోంది. బూత్ బూత్‌కీ అంకెలు బయటికొస్తాయి. "మీ వాడలో మాకు ఓట్లు పడలేదు, మీకు రోడ్డెందుకు, నీళ్ళెందుకు" అనే నాయకులు తయారయ్యారు. పద్నాలుగు మిషన్ల లెక్కను కలిపి ఒక్కసారే చూపించే 'టోటలైజర్' అనే పరికరం వాడదామని ఎన్నికల సంఘం 2008లోనే అడిగింది. 2015లో లా కమిషను కూడా మంచిదేనంది. కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. బూత్ లెక్క తెలిస్తే కదా 17సితో సరిపోల్చేదని మీరనవచ్చు. మొత్తం ఓట్లు సరిచూడవచ్చు, ఎవరికెన్నో మాత్రం కలిపి చెప్పవచ్చునని నాకు తోస్తుంది. మా వదిన ఒప్పుకోదు. "అన్నీ కలిపేస్తే మళ్ళ అనుమానమే" అంటుంది. ఇద్దరం ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం.

ఎందుకు చెబుతున్నానంటే ఆ బూత్ అంకెతోనే మా వదినకు చిక్కొచ్చింది. వికారాబాదులో 2018లో 3 వేల పైచిలుకుతో ఓడినాయనే 2023లో 12 వేల పైచిలుకుతో గెలిచి, శాసనసభకు స్పీకరయ్యారు. నియోజకవర్గమంతా అటుది ఇటయింది గాని, మా బూత్‌లో మాత్రం అన్నగారు వేసుకున్న లెక్క ఈసారీ తప్పింది. రాత్రి వదిన ఇంటికి వచ్చేసరికి ఆయన అరుగుమీద కూర్చుని ఉన్నాడట.

"మిషిన్ మారిందా?" అన్నాడు.

"లేదు. నంబరు కలిసింది, లెక్క కలిసింది. మిషిన్ మంచిగనే ఉన్నది. మనోళ్ళే వెయ్యలే."

"మనోళ్ళంటే ఎవరు? మన సంఘం ఆడోళ్ళే నలభై మంది ఉన్నరు గదా, అందరు వేస్తమన్నరంటివి?"

"అన్నరు."

ఆయన చాలాసేపు ఏమీ అనలేదట. తర్వాత, "మన ఇంట్ల ఓట్లన్నా పడ్డయా?" అని ఆమె ముఖంలోకి చూశాడట. వదిన కాళ్ళు కడుక్కోవాలని లోపలికి వెళ్ళిపోయింది.

"ఇంతకూ నువ్వెవరికి వేశావు వదినా?" అని నేనూ అడిగాను. "కాగితం మీద అది రాసి ఉండదు" అంది.

ఆ సంక్రాంతికి అన్నగారు తమ్ముడి ఇంటికి వెళ్ళి వచ్చారు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. తమ్ముడి భార్య, అంటే వదినకు యారాలు, సకినాలు ఇచ్చి పంపింది. 17సి నకలు ఇంకా ట్రంకుపెట్టెలోనే సంఘం పుస్తకాల అడుగున ఉంది, నాకు చూపించింది. కొడుకు చొక్కాలు ఉతికేముందు ఇప్పుడు జేబులు రెండుసార్లు తడుముతుందట. మొన్న బస్సు టికెట్టు దొరికితే అది కూడా దాచిపెట్టింది.